కిట్‌బ్యాషింగ్: కిట్లు కలిపి అరుదైన ట్యాంకును కట్టడం

రెండు మూడు ప్లాస్టిక్ మోడల్ కిట్లు దగ్గర పెట్టుకుని, ఒకదాని హల్ (కింది ఒడలు), ఇంకొకదాని టరెట్ (తిరిగే పైభాగం), వేరొకదాని ఫిరంగి కలిపి, ఏ కంపెనీ పెట్టెలోనూ దొరకని వాహనాన్ని తయారుచేయడాన్ని మోడల్ తయారీదారులు కిట్‌బ్యాషింగ్ అంటారు. ఒకే కిట్‌కు చిన్న చిన్న మార్పులు చేస్తే అది కన్వర్షన్. కిట్ లేకుండా షీటు, కడ్డీ, గొట్టం ముక్కలతో మొదలుపెడితే అది స్క్రాచ్ బిల్డ్. కిట్‌బ్యాషింగ్ ఈ రెంటి నడుమన ఉంటుంది. పని మొదలయ్యాక ఈ గీతలు చెరిగిపోతాయి. ఏ అరుదైన ట్యాంకును కట్టినా కొంత కలపాలి, కొంత కోయాలి, కొంత మొదటినుంచి చేయాలి.

కిట్ కంపెనీలు టైగర్, షెర్మన్, టీ-34 లాంటి పేరున్న ట్యాంకుల్ని పదేపదే విడుదల చేస్తాయి. ప్లాస్టిక్ భాగాలు పోసే ఉక్కు అచ్చులకు చాలా ఖర్చవుతుంది కనుక, ఎక్కువమంది కొంటారన్న నమ్మకం ఉన్న వాహనానికే అవి సిద్ధపడతాయి. ఒక్క సైన్యంలోనే తిరిగిన మోర్టారు బండికీ, అంబులెన్సుకీ, బుల్డోజరుకీ ఆ అవకాశం రాదు. తెలుగు నేల మీద తయారైన కవచ వాహనాల్లో ఎక్కువ భాగం ఈ కోవకే చెందుతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ ఉదాహరణలు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారం చుట్టూ తిరుగుతాయి.

సైన్యాలు చేసిన కలయికలు

కిట్‌బ్యాషింగ్ అభిరుచిగా పుట్టకముందే కర్మాగారాలు అసలు ఉక్కుతో ఆ పని చేశాయి. కొత్త ట్యాంకును కాగితం మీద నుంచి మొదలుపెట్టి సైన్యానికి చేర్చడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికే నమ్మకంగా నడుస్తున్న హల్ మీద కొత్త ఆయుధం బిగిస్తే ఆ కాలం తగ్గుతుంది. బ్రిటిష్ వారు అమెరికా షెర్మన్‌లో తమ 17 పౌండర్ ఫిరంగిని ఇరికించి ఫైర్‌ఫ్లై చేశారు. అమెరికాలో తయారైన స్టాగ్‌హౌండ్ కవచ కారు మీద క్రూసేడర్ ట్యాంకు టరెట్ కూర్చోబెట్టి స్టాగ్‌హౌండ్ మార్క్ 3 అన్నారు. చక్రాల బండికి ట్యాంకు తల పెట్టిన ఈ వాహనాన్ని నమూనాగా కట్టాలంటే ఒక స్టాగ్‌హౌండ్ కిట్, ఒక క్రూసేడర్ కిట్ తెచ్చుకోవడమే మొదటి అడుగు. కర్మాగారంలో జరిగినదీ అదే.

భారత సైన్యంలో ఇలాంటివి ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. స్వాతంత్ర్యం తర్వాత కూడా షెర్మన్లు మన దగ్గర చాలాకాలం సేవలో ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఫ్రెంచి ఏఎంఎక్స్-13 తేలికపాటి ట్యాంకులో వాడే 75 మిల్లీమీటర్ల ఫిరంగి అమర్చారు. మరికొన్నింటికి సోవియట్ ఉభయచర ట్యాంకు పీటీ-76లో ఉండే 76 మి.మీ. ఫిరంగి పెట్టారు. అమెరికా హల్, ఫ్రెంచి లేదా రష్యా ఫిరంగి, లోపల భారత సిబ్బంది. షెర్మన్, ఏఎంఎక్స్-13, పీటీ-76 మూడూ 1/35 కొలతలో కిట్లుగా వచ్చాయి కాబట్టి ఈ రెండు షెర్మన్లూ కొత్తవాళ్లు చేయదగ్గవే. ఫిరంగి గొట్టం, దాని మూతి బ్రేకు ఏఎంఎక్స్-13 లేదా పీటీ-76 కిట్ నుంచి తీసుకుని, టరెట్ ముందుభాగంలో గొట్టం బయటికొచ్చే కవచాన్ని మాత్రం పుట్టీతో మలుచుకోవాలి. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) కావల్రీ ట్యాంక్ మ్యూజియం 1994 నుంచి ఉంది. మన సైన్యం వాడిన పాత వాహనాల్ని దగ్గర నుంచి చూసి కొలతలు ఊహించుకోవడానికి దేశంలో అంతకంటే మంచి చోటు లేదు.

ఆవడిలో జరిగిన ప్రయోగాలు ఈ వరుసలో చెప్పుకోదగ్గవి. చెన్నై దగ్గర ఆవడిలోని హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీలో 1960ల మధ్య నుంచి విజయంత ట్యాంకులు తయారయ్యాయి. ఆ హల్ మీద టరెట్ తీసేసి, సోవియట్ ఎం-46 అనే 130 మి.మీ. లాగుడు ఫిరంగిని నేరుగా అమర్చి కాటపల్ట్ అన్నారు. సిబ్బంది నిలబడి గుళ్లు నింపే చోటుకి పైన చదునైన ఉక్కు కప్పు తప్ప చుట్టూ గోడలు లేవు. దక్షిణాఫ్రికా డెనెల్ కంపెనీ టీ-6 టరెట్‌ను మన అర్జున్ ట్యాంకు హల్ మీద పెట్టి భీమ్ అనే 155 మి.మీ. స్వయంచోదక ఫిరంగిని రూపొందించారు. అది సేవలోకి రాలేదు. సోవియట్ టీ-72 ట్యాంకు హల్ మీద అర్జున్ టరెట్ పెట్టిన ట్యాంక్-ఈఎక్స్ బరువు సుమారు 47 టన్నులు. దాన్నీ సైన్యం తీసుకోలేదు.

ఈ మూడింటిలో ట్యాంక్-ఈఎక్స్ మోడల్‌గా కట్టడానికి అన్నిటికంటే అనువైనది. టీ-72 కిట్‌ను చాలా కంపెనీలు విడుదల చేశాయి. హల్‌కు పెద్ద మార్పేమీ అక్కరలేదు. అర్జున్ టరెట్ దాదాపు పూర్తిగా చదునైన పలకలే కాబట్టి స్టైరీన్ ప్లాస్టిక్ షీటు కోసి అతికి తయారుచేయవచ్చు. టీ-72 అసలు టరెట్‌లా గుండ్రని పోత టరెట్‌ను చేతితో మలచడం మాత్రం చాలా కష్టం. గుండ్రని భాగాలు కిట్ నుంచి తీసుకోవాలి, చదునైనవి చేతితో చేసుకోవాలి. కిట్‌బ్యాషింగ్‌లో ఏది కొనాలి, ఏది కోయాలి అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ ఒక్క నియమంలో ఉంది.

ఎద్దుమైలారం కుటుంబం

మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పేరుకు మెదక్ అయినా ఊరు ఎద్దుమైలారం, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. 1984లో మొదలైంది. సోవియట్ రూపకల్పన బీఎంపీ-2 పదాతి పోరాట వాహనాన్ని శరత్ అనే పేరుతో ఇక్కడ తయారుచేశారు. సోవియట్ యూనియన్ పంపిన భాగాలతో బిగించిన మొదటి వాహనం 1987 ఆగస్టులో సిద్ధమైంది. తర్వాతి పదేళ్లలో భాగాల్లో అత్యధికం దేశంలోనే తయారయ్యే స్థితి వచ్చింది. 2021 అక్టోబరు 1 నుంచి ఈ ఫ్యాక్టరీ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్‌లో భాగం.

శరత్ బరువు సుమారు 14 టన్నులు. పొడవు 6.735 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు, ఎత్తు 2.45 మీటర్లు. ముందు కుడివైపు 300 అశ్వశక్తి డీజిల్ ఇంజను, ఎడమవైపు డ్రైవరు, నడుమ ఇద్దరు కూర్చునే టరెట్, వెనక సైనికుల గది. టరెట్‌లో 30 మి.మీ. ఆటోమేటిక్ ఫిరంగి, దాని పక్కన 7.62 మి.మీ. మెషిన్‌గన్, టరెట్ పైన కొంకూర్స్ ట్యాంకు విధ్వంసక క్షిపణి. ఆ క్షిపణిని అదే జిల్లాలోని భానూరులో భారత్ డైనమిక్స్ లిమిటెడ్ తయారుచేసింది. బండీ, దాని క్షిపణీ ఒకే జిల్లా నుంచి వచ్చాయి. 30 మి.మీ. ఫిరంగికి నౌకా రూపం కూడా ఉంది. సీఆర్ఎన్-91 అనే పేరుతో అది నౌకల మీదికి ఎక్కింది. ఈ ఫిరంగి గురించి తెలిసినవారు యుద్ధనౌక నమూనా చేసేటప్పుడూ ఈ కిట్ల మిగులు భాగాల్ని పారేయరు.

శరత్ నీటిలో ఈదగలదు, రోడ్డు మీద గంటకు 65 కిలోమీటర్ల వేగంతో నడవగలదు. ఇంత నమ్మకమైన హల్ చేతిలో ఉండగా ప్రతి పనికీ కొత్త బండి రూపొందించాల్సిన అవసరం ఇంజనీర్లకు రాలేదు. టరెట్ తీసేశారు, లేదా దానిలోని ఆయుధం తీసేశారు, ఆ ఖాళీలో కొత్త పనికి కావలసింది పెట్టారు. మోడల్ తయారీదారు తన బల్ల మీద చేసేదీ అంతే కనుక, ఒక్కో రూపాన్నీ ‘ఏ పని కోసం ఏది పోయింది, ఏది వచ్చింది’ అన్న లెక్కతో చూడటం అన్నిటికంటే మంచి దారి.

అంబులెన్సుతో మొదలుపెట్టడం తేలిక. టరెట్ అలాగే ఉంచి ఫిరంగి, పొగ గుళ్ల గొట్టాలు తీసేశారు. వెనక గదిలో నాలుగు స్ట్రెచర్లు పెట్టే ఏర్పాటు చేశారు. కిట్‌కు చేర్చవలసింది తక్కువ, తీయవలసింది ఎక్కువ. అయితే తీసేసిన చోట మిగిలే రంధ్రాల్ని కవచపు పలకలా కనిపించేటట్టు మూయడంలోనే నైపుణ్యం తెలుస్తుంది. పుట్టీ పూసి నున్నగా చేస్తే అక్కడేదో పోయిందని అర్థమవుతుంది. పలకను మరలతో బిగించినట్టు చూపిస్తే అది వేరే రూపమని చూసేవారు గుర్తిస్తారు.

ఇంజనీర్ల గస్తీ వాహనంలో ఫిరంగి లేదు. నదీ గర్భం లోతు కొలిచే శబ్ద పరికరం, ప్రవాహ వేగం కొలిచే మీటరు, లేజర్ దూరమాపకం, జీపీఎస్ ఉంటాయి. హల్ వెనక ఎడమవైపున దారి గుర్తులు పాతడానికి 40 కడ్డీల పెట్టె ఉంటుంది. మోడల్‌లో అందరి కన్నూ పడేది ఆ పెట్టె మీదే. సన్నని స్టైరీన్ కడ్డీలు ఒకే కొలతకు కోసి నిటారుగా నిలబెట్టడానికి ఓపిక కావాలి. కోయడానికి ఒక ఆపుడు పట్టీ చేసుకుని దానికి ఆనించి కోస్తే కడ్డీలన్నీ సమంగా వస్తాయి.

ఉభయచర బుల్డోజరు ఈ కుటుంబంలో అన్నిటికంటే కష్టమైనది. టరెట్ లేదు. వెనకవైపు మడిచి పెట్టే డోజరు బ్లేడు, మైన్లు తవ్వే నాగళ్లు, 8,000 కిలోల బరువు లాగే వించి, బురదలో దిగబడినప్పుడు తనను తాను లాక్కోవడానికి రాకెట్‌తో విసిరే లంగరు ఉన్నాయి. రాకెట్ లంగరు అన్నది అపురూపమైన ఆలోచన. బ్రిటిష్ కంబాట్ ఇంజనీర్ ట్రాక్టర్‌లో కూడా అది ఉంది, ఆ ట్రాక్టరును మన సైన్యం కూడా వాడింది. డోజరు బ్లేడు కోసం పెద్ద ట్యాంకుల ఇంజనీరింగ్ కిట్ల వైపు చూసేవారికి ఒక హెచ్చరిక. నలభై టన్నుల ట్యాంకు ముందు నిలిచే బ్లేడు పద్నాలుగు టన్నుల శరత్ వెనక నప్పదు. దాని చేతులు, కీళ్లు తీసుకుని బ్లేడు పలకను మాత్రం కొలతకు కోసి వంచుకోవాలి.

మోర్టారు వాహనం: ఒక నిర్మాణం వివరంగా

క్యారియర్ మోర్టార్ ట్రాక్డ్ అనే రూపాన్ని ఇక్కడ పూర్తిగా చూద్దాం. కిట్‌బ్యాషింగ్‌లో ఉన్న అన్ని సమస్యలూ అందులో ఒకేచోట కనిపిస్తాయి. మొదటి నమూనా వాహనం 1997లో పూర్తయింది. టరెట్ లేదు. వెనక గదిలో 81 మి.మీ. మోర్టారు కూర్చుంది. పైకప్పులో రెండు తలుపులు తెరిచి దానిలోంచి కాలుస్తారు. గరిష్ఠ దూరం 5,000 మీటర్లు, నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది గుళ్లు. 108 మోర్టారు గుళ్లు, 7.62 మి.మీ. మెషిన్‌గన్‌కు 2,350 తూటాలు మోస్తుంది. ఇద్దరు వాహన సిబ్బంది, నలుగురు మోర్టారు సిబ్బంది.

హల్ కోసం 1/35 కొలతలో బీఎంపీ-2 కిట్ ఉండాలి. ట్రంపెటర్, జ్వెజ్డా, డ్రాగన్ కంపెనీలవి ఉన్నాయి. బీఎంపీ-1 చౌకగా దొరుకుతుందని అది తీసుకోకూడదు. రెంటి హల్‌లూ ఒకేలా కనిపించినా పైకప్పు వేరు. బీఎంపీ-1లో ఒక్కరే కూర్చునే చిన్న టరెట్, వెనక పైకప్పులో నాలుగు తలుపులు ఉంటాయి. బీఎంపీ-2లో టరెట్ వెడల్పైంది, వెనక తలుపులు రెండుకు తగ్గాయి. మోర్టారు రూపంలో పైకప్పు ఎలాగూ కోయాలి కదా అనిపించవచ్చు. కానీ తలుపుల అంచులు, టరెట్ వలయం ఉన్న చోటు, డ్రైవరు వెనక సీటు మూత అన్నీ సరిగ్గా పడాలంటే బీఎంపీ-2 పైకప్పు నుంచి మొదలుపెట్టడమే సులువు.

టరెట్ రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు మందం స్టైరీన్ షీటుతో మూస్తారు. రంధ్రం కంటే కాస్త పెద్దదిగా కోసి, లోపలి నుంచి ఆనించి, ప్లాస్టిక్ సిమెంటుతో అతకాలి. ఈ సిమెంటు జిగురుగా పనిచేయదు. అది పాలీస్టైరీన్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటిగా కలుపుతుంది. అందుకే అతికిన అంచు ఎండాక ఆకురాయితో రుద్దినా విడిపోదు. రెసిన్, లోహం, ప్లాస్టిక్ కలిసే చోట మాత్రం ఫెవిక్విక్ లాంటి సైనోఅక్రిలేట్ తప్పదు.

మోర్టారు గొట్టం దగ్గర చాలామంది తొందరపడతారు. అమెరికన్ ఎం-106 మోర్టారు బండి కిట్ తేలిగ్గా దొరుకుతుంది, అందులో మోర్టారు కూడా ఉంది కదా అని దాన్నే తెచ్చి పెడతారు. అది 107 మి.మీ. ఆయుధం. 1/35లో దాని లోపలి వ్యాసం 3.06 మి.మీ., 81 మి.మీ. మోర్టారుది 2.31 మి.మీ. ముప్పావు మిల్లీమీటరు తేడా చిన్నదిగా అనిపించినా, దగ్గర నుంచి చూసేవారికి గొట్టం లావుగా ఉందని వెంటనే తెలుస్తుంది. 81 మి.మీ. పదాతి మోర్టారు ఉన్న ఏదైనా సైనికుల కిట్‌లోని గొట్టం, బైపాడ్ తీసుకోవడం మంచిది. ఎం-106 నుంచి కావాలంటే లోపలి అరల ఏర్పాటు, గుండ్రని తిరుగుడు పీఠం ఎలా ఉంటాయో చూసుకోవచ్చు.

గుళ్లు పేర్చిన అరలు తెరిచిన తలుపుల్లోంచి కనిపిస్తాయి కాబట్టి వాటిని వదిలిపెట్టలేం. 108 గుళ్లలో పైనుంచి కనిపించేవి కొన్నే. వాటికి 2.3 మి.మీ. ప్లాస్టిక్ కడ్డీ కోసి, కొసను ఉప్పు కాగితంతో రుద్ది కోసుగా చేసుకుంటే సరిపోతుంది. మెషిన్‌గన్ గొట్టానికి సిరంజి సూది మంచి ఉపాయం. 23 గేజి సూది బయటి వ్యాసం 0.64 మి.మీ., అంటే అసలు కొలతలో సుమారు 22 మి.మీ. గుండ్రని రంధ్రం ముందే ఉంటుంది, గొట్టం వంగదు. 30 మి.మీ. ఫిరంగి ఉన్న శరత్ కట్టేటప్పుడు 18 గేజి సూది వాడవచ్చు. దాని 1.27 మి.మీ. వ్యాసం అసలులో 44 మి.మీ.కు సమానం.

రంగు వేయకముందు మోడల్ నాలుగు రంగుల ముక్కల్లా కనిపిస్తుంది: కిట్ బూడిద రంగు, షీటు తెలుపు, రెసిన్ లేత పసుపు, లోహం మెరుపు. ప్రైమరు ఒక పూత వేస్తే అన్నీ ఒకే రంగులోకి వస్తాయి. అప్పుడే పగుళ్లు, అతుకుల గీతలు కంటపడతాయి. ఆ దశలో మళ్లీ పుట్టీ పట్టి సరిచేయడానికి సిద్ధంగా ఉండాలి.

కొలతల కలయికలో జరిగే పొరపాట్లు

ట్యాంకు కిట్లకు 1/35 అనే వింత కొలత జపాన్ కంపెనీ తమియా వల్ల స్థిరపడింది. 1960ల మొదట్లో వారు విడుదల చేసిన పాంథర్ ట్యాంకులో మోటారు, బ్యాటరీలు పట్టాలి. వాటికి సరిపోయే హల్ కొలత లెక్కేస్తే సుమారు 1/35 వచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలు అదే దారిన వెళ్లాయి. బ్రిటిష్ ఎయిర్‌ఫిక్స్ చిన్న ట్యాంకులు 1/76లో వచ్చాయి. 1/72 విమానాల లోకం నుంచి వచ్చింది. పాత కంపెనీలు కొన్ని 1/32లో తయారుచేశాయి.

కిట్లు కలిపేటప్పుడు 1/35, 1/32 పక్కపక్కన పెట్టి ఇవి దాదాపు ఒకటే అనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. తేడా తొమ్మిది శాతం పైనే. 170 సెంటీమీటర్ల మనిషి 1/35లో 48.6 మి.మీ., 1/32లో 53.1 మి.మీ. టరెట్ లాంటి పెద్ద భాగంలో ఈ తేడా భరించలేనంత కనిపిస్తుంది. 1/72, 1/76 మధ్య తేడా అయిదున్నర శాతం, అదీ తక్కువేం కాదు. నీళ్ల డబ్బాలు, గొడ్డళ్లు, మడిచిన టార్పాలిన్ల లాంటి సామాన్లకు అసలు కొలత ఎవరూ గుర్తుపట్టలేరు కాబట్టి అక్కడ కొంత సడలించవచ్చు. చక్రాలు, గొలుసు పట్టాలు, ఫిరంగి, మనుషులు మాత్రం ఒకే కొలతలో ఉండి తీరాలి. 1/35లో శరత్ పొడవు 192 మి.మీ., 1/72లో 93.5 మి.మీ. ఈ రెండు అంకెలూ బల్ల ముందు గోడకు రాసిపెట్టుకుంటే కిట్ పెట్టె మీద రాసిన కొలత నిజమో కాదో స్కేలుతో చూసుకోవచ్చు.

క్షిపణి వాహనాలు

హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ రూపొందించిన ట్యాంకు విధ్వంసక క్షిపణి నాగ్ కోసం శరత్ హల్ మీద నామికా అనే వాహనం తయారైంది. క్షిపణుల పెట్టె పైకి లేచి, కాల్చిన తర్వాత కిందికి దిగుతుంది. మొత్తం పన్నెండు క్షిపణులు, ఆరు కాల్చడానికి సిద్ధంగా ఉంటాయి. నాగ్ పొడవు సుమారు 1.85 మీటర్లు కాబట్టి 1/35లో 53 మి.మీ. పెట్టె చదునైన పలకలతో చేసుకోవచ్చు. దాన్ని ఎత్తే చేతుల్ని ఏదైనా హైడ్రాలిక్ క్రేను కిట్ నుంచి తీసుకోవచ్చు.

ఆకాశ్ వాహనాన్ని కట్టడంలో ఒక విశేషముంది. డీఆర్‌డీఎల్ రూపొందించగా భారత్ డైనమిక్స్ తయారుచేసిన విమాన విధ్వంసక క్షిపణి ఆకాశ్ పొడవు 5.78 మీటర్లు, వ్యాసం 35 సెం.మీ. బాహ్యంగా దాన్ని చాలామంది సోవియట్ కూబ్ వ్యవస్థలోని 3ఎం9 క్షిపణితో పోలుస్తారు. దాని పొడవు సుమారు 5.8 మీటర్లు, వ్యాసం 33.5 సెం.మీ. రెంటిలోనూ గాలి లోపలికి లాక్కునే రామ్‌జెట్ నాళాలు నాలుగు ఉంటాయి. ఒక లాంచరు మీద మూడు క్షిపణులు ఉండటం కూడా ఒకే తీరు. ట్రంపెటర్ 1/35 ఎస్ఏ-6 (కూబ్) కిట్‌లోని మూడు క్షిపణుల్ని, టీ-72 హల్‌నూ కలిపితే సైన్యం వాడే ఆకాశ్ లాంచరుకు దగ్గరవుతాం. పరీక్షల దశలో బీఎంపీ హల్ వాడారు, సైన్యం వాడే రూపానికి టీ-72 హల్ వచ్చింది. ఏ కాలం నాటిది కడుతున్నామో ముందే తేల్చుకోకపోతే హల్ తప్పు పడుతుంది. 3ఎం9, ఆకాశ్ ఒకటే అనుకుని మార్పులు చేయకుండా వదిలేయడం కూడా సరికాదు. రెక్కల ఆకారం, ముక్కు వైపు ఫోటోలు చూసి సవరించాలి.

అచ్చంపేటలో ఈ పని

ఈ పనిని ఒక తెలుగు ఊరి చరిత్ర, ఎండల మధ్య చూడాలంటే పల్నాడు జిల్లా అచ్చంపేట మంచి ఉదాహరణ. ఈ మండలానికి ఉత్తరాన కృష్ణ పారుతుంది. మాదిపాడు రేవు దాటితే అవతల ముక్త్యాల. పులిచింతల ప్రాజెక్టు ఇక్కడికి దగ్గరే. ట్యాంకులు, కవచ కార్లు ఈ ప్రాంతానికి దగ్గరగా వచ్చిన ఒక సందర్భం 1948 సెప్టెంబరు. హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం జరిపిన ఆపరేషన్ పోలోలో మేజర్ జనరల్ ఏ.ఏ. రుద్ర నాయకత్వంలో తూర్పు దళం విజయవాడ నుంచి బయల్దేరింది. 2/5 గూర్ఖా రైఫిల్స్, పూనా హార్స్‌కు చెందిన ఒక స్క్వాడ్రన్, ఒక ఫీల్డ్ బ్యాటరీ నుంచి ఫిరంగుల దళం అందులో ఉన్నాయి. నదికి అవతలి ఒడ్డున కోదాడ వైపు సాగిన ఆ దళాన్ని హైదరాబాద్ రాజ్యపు 2వ, 4వ లాన్సర్లు ఎదుర్కొన్నారు. వారి చేతుల్లో ఉన్నవి హంబర్ కవచ కార్లు, స్టాగ్‌హౌండ్లు. ఉదయం ఎనిమిదిన్నరకే దళం కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. స్టాగ్‌హౌండ్, హంబర్ మార్క్ 4 రెండింటికీ 1/35లో బ్రాంకో కిట్లు వచ్చాయి. హైదరాబాద్ లాన్సర్ల గుర్తులతో వాటిని కట్టినవారు మన చరిత్రలో ఇంకా సరిగా చూడని పుటను బల్ల మీదికి తెచ్చినట్టే.

పల్నాడు ఎండ ఈ పనికి పెద్ద పరీక్ష. జిల్లాలోని రెంటచింతల ఎండలకు రాష్ట్రమంతా పేరుపడింది. పాలీస్టైరీన్ దాదాపు 95 డిగ్రీల దాకా మెత్తబడదు. 3డీ ప్రింటర్లు ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో ఆ ఉష్ణోగ్రత మామూలే. సన్నని ఫిరంగి గొట్టం, క్షిపణి రెక్కలు పీఎల్‌ఏతో ముద్రించి కారులో తీసుకెళ్తే వంగిపోతాయి. రెసిన్ పలకలు కూడా ఎండలో వంకర్లు పోతాయి. వేడినీళ్లలో ముంచి, చదునైన గాజు మీద నొక్కి పెడితే మళ్లీ సాపవుతాయి. ఎంసీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ వేసవిలో త్వరగా గట్టిపడుతుంది. తక్కువ తక్కువగా కలుపుకోవాలి. సైనోఅక్రిలేట్‌కు తేమ కావాలి కనుక పొడి వేసవిలో ఆలస్యంగా అతుకుతుంది. అక్రిలిక్ రంగులు ఎయిర్‌బ్రష్ మొనలోనే ఎండిపోతాయి. వాటికి ఎండటాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలిపి, తెల్లవారుజామున రంగు వేయడం ఈ ప్రాంతానికి తగిన పద్ధతి.

విడి భాగాలు అతికి ఒక రూపాన్ని తయారుచేయడం కృష్ణాతీరానికి కొత్తది కాదు. నదికి అవతల కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ అవయవాల్ని విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, అతుకుల మీద అదే మక్కు పూసి నునుపు చేస్తారు. కిట్‌బ్యాషింగ్‌లో ఎపాక్సీ పుట్టీతో చేసేది సరిగ్గా ఈ పనే. రంపపు పొట్టు కలిపిన మక్కు ఎండాక కర్రలాగే చెక్కడానికి వీలవుతుంది. స్టైరీన్ తురుమును ప్లాస్టిక్ సిమెంటులో కరిగించి పుట్టీ చేసుకునే పాత పద్ధతికీ ఇదే సూత్రం. దుకాణం పుట్టీ దొరకని ఊళ్లలో ఈ పద్ధతి ఇప్పటికీ మంచిదే. కిట్ ఫ్రేముల మిగులు ముక్కలే ముడిసరుకు.

ఫోటోలు, చట్టం, గుర్తులు

అరుదైన రూపానికి కిట్ సూచనల కాగితం ఉండదు. ఫోటోలే ఆధారం. గణతంత్ర దినోత్సవ కవాతులో వెళ్లే వాహనాలు, రక్షణ ప్రదర్శనల్లో పెట్టినవి, మ్యూజియాల్లో ఉన్నవి, పత్రికల్లో అచ్చయినవి చాలినంత దొరుకుతాయి. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల దగ్గర, సైనిక స్థావరాల దగ్గర ఫోటోలు తీయకూడదు. 1923 అధికార రహస్యాల చట్టం కింద అవి నిషిద్ధ ప్రదేశాలు. మోడల్ కోసమే అయినా ఈ నిబంధనకు మినహాయింపు లేదు. ఒక వాహనం కుడివైపు ఫోటో ఒకటి, ఎడమవైపు ఒకటి, పైనుంచి తీసినది ఒకటి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. పైనుంచి తీసిన ఫోటో ఎప్పుడూ తక్కువగా దొరుకుతుంది. మోర్టారు వాహనానికి అదే ముఖ్యం. అందుకే ఆ ఒక్క ఫోటో దొరికే వరకు కోత మొదలుపెట్టకపోవడం మేలు.

రంగు ఎక్కువగా ముదురు ఆకుపచ్చ, కొన్నింటి మీద ఇసుక రంగు మచ్చలు. భారత సైన్యపు నంబరు పైకి చూపే బాణం గుర్తుతో మొదలవుతుంది. కిట్ పెట్టెల్లో వచ్చే రష్యా గుర్తులు పనికిరావు. లేజర్ ప్రింటరుతో డెకాల్ కాగితం మీద అచ్చు వేసుకుని, వార్నిష్ పూత వేసి వాడవచ్చు. ఇంటి ప్రింటర్లు తెలుపు రంగు వేయలేవు కనుక, తెల్లటి అంకెల కింద ముందే తెల్ల డెకాల్ ముక్క పెట్టుకోవడం అవసరం.

సినిమాల వారు కూడా ఈ పద్ధతిని వాడారు. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’, 1977 నాటి ‘స్టార్ వార్స్’ అంతరిక్ష నౌకల ఉపరితలాల మీద ట్యాంకు, విమానం కిట్ల భాగాలు అతికారు. అక్కడ భాగం దేనిదన్నది ముఖ్యం కాదు, దట్టంగా కనిపించాలి. సైనిక నమూనాలో ప్రతి భాగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. అందుకే అనుభవజ్ఞులు పీఠం కింద ఒక చిన్న కాగితం అతికిస్తారు. హల్ ఏ కిట్, ఆయుధం ఏ కిట్, స్టైరీన్‌తో చేసిన భాగాలేవి, రెసిన్‌వి ఏవి, ఏ ఫోటోలు చూసి చేశారు, అన్నీ అందులో రాసి ఉంటాయి. పోటీ న్యాయనిర్ణేతలు చూసే మొదటి విషయాల్లో అది ఒకటి. రెసిన్ భాగాలున్నాయని రాసి ఉంటే తర్వాత మరమ్మతు చేసేవారికీ ఉపయోగం. రెసిన్ పొడి పీల్చకూడదు కనుక తడిపి, ముక్కుకు మాస్కు పెట్టుకుని రుద్దాలని వారికి ముందే తెలుస్తుంది.